శుక్రవారం గీతలు

మిమ్మల్నే అంటున్నాను, మొగిలిగుట్ట శుద్ధంగా ఉందని సంతకాలు పెట్టిన పెద్దమనుషుల్లారా. పందొమ్మిది మంది ఆడవాళ్ల జడలు కుదుళ్ల దాకా కోయించారు. యంత్రం కింద పరిచారు. పనికిరావన్నారు. కొలిమిలో వేసి కాల్చారు. కాల్చేముందు ఒక్కదాన్నైనా నిలువునా చీల్చి చూశారా? చూడలేదు. ఎందుకు చూడలేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అది వెంట్రుక కాబట్టి. అందులోనూ జడలు కట్టిన వెంట్రుక. అందులోనూ ఊరు అమ్మవారి పేరు చెప్పి నలుగురికీ వదిలేసిన ఆడదాని వెంట్రుక. దాని లోపల చూడ్డానికి ఏముంటుంది లెమ్మనుకున్నారు.

ఈ పాపంలో మీతోపాటు ఇంకో మనిషి ఉంది. ఈ కథ ఆమెది. మీకంటే తన తప్పే పెద్దదని ఆమే అంటుంది. ఆ లోపల ఏముందో మీకు తెలియదు. ఆమెకు తెలుసు. తెలిసి నోరు మూసుకుంది.

ఆమె పేరు సులోచన. ముప్పై నాలుగేళ్లు. భూశోధన కేంద్రంలో యంత్రం నడిపే టెక్నీషియన్. ఇస్త్రీ చెడని తెల్లకోటు, బిగించి ముడేసిన జుట్టు, అవసరమైతే తప్ప పెదవి విప్పని మనిషి.

మొగిలిగుట్ట పేరుకే గుట్ట. అడవి మధ్యలో పాత సీసం గని తవ్విపోసిన మట్టి అది. గని మూతపడి నలభై ఏళ్లయింది. మట్టి మాత్రం అక్కడే పడి ఉంది, బూడిద రంగులో, గడ్డిపోచ కూడా మొలవకుండా. దాని పక్కనే నేల చదును చేసి ఆడపిల్లల హాస్టల్ కట్టారు. గోడలు లేచి రంగులు వేశాక అప్పుడు అడిగారు, ఇక్కడి దుమ్ము పిల్లలకు మంచిదేనా అని. ముందు అడగాల్సింది చివర్న అడగడం మనకు కొత్తేం కాదు.

ఆ ప్రశ్న డాక్టర్ చక్రధర్ బల్లమీదికి వచ్చింది. ఆయన దగ్గర ఒక బూజు ఉంది. దారంలా సాగే బూజు. పదేళ్లు సాకాడు దాన్ని, పిల్లను సాకినట్టు. జడకట్టిన జుట్టులోకి ఒక పోగు దూర్చి వదిలితే చాలు, తలమీది జిడ్డు తిని బతుకుతుంది, జుట్టుతోపాటే పెరుగుతుంది. మనిషి తిరిగే గాల్లో సీసం ఉంటే పీల్చుకుని నీలంగా మారుతుంది. ఏ వారం ఎంత పీల్చిందో కుదురు దగ్గర నువ్వుగింజంత దూరంలో రాసుకుంటూ పోతుంది. దువ్వే జుట్టులో అది బతకదు, దువ్వెన పంటికి తెగి చస్తుంది. జడే కావాలి. చిక్కులు పడి, పెనవేసుకుని, తాడులా గట్టిపడ్డ జడ కావాలి.

అట్లాంటి తలలు ఎక్కడున్నాయని వెతికారు. చుట్టుపక్కల ఊళ్లలో జోగినులుగా బతికిన ఆడవాళ్లు ఇరవై నలుగురు దొరికారు. గుట్టమీద గుంతలు తవ్వి కానుగ మొక్కలు నాటాలి, వాగు నుంచి బిందెలతో నీళ్లు మోయాలి, అడవి అంచున టార్పాలిన్ల కింద పడుకోవాలి. జూన్ నుంచి ఏప్రిల్ దాకా పదకొండు నెలలు. మొక్కలు ఒక సాకు. అసలు పని వాళ్ల తలలు చేస్తాయి.

మొదటిరోజు నియమాల కాగితం చదివింది సులోచనే. నూనె పెట్టరాదు. తలంటుకోరాదు. సాంబ్రాణి పొగ వేయరాదు. పదకొండు నెలలు.

"మరి పేన్లకో మేడం?" అని అడిగింది సాయవ్వ. యాభై దాటిన మనిషి. పిక్కల దాకా జడ, తలమీద చుట్ట పెడితే నీళ్లబిందె దానిమీదే నిలిచేది.

"ఈ పోగే చూసుకుంటుంది. పేలు పట్టవు."

"అంటే మీరు పెట్టేది గూడ పేనే గద. కాకపోతే సదువుకున్న పేను."

ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు. ఆరోజు నుంచి చక్రధర్ పదేళ్ల కష్టానికి అదే పేరు. సదువుకున్న పేను. "ఏందే, నీ పేను ఏం సదువుతున్నది?" "పదోది ఫెయిలయింది అక్కా." పనిలో ఇదే నవ్వులాట.

గంగామణి మాత్రం నవ్వలేదు. ఆ గుంపులో చిన్నది, ముప్పై ఏళ్లుంటాయి. కాగితం అంటే భయమూ భక్తీ ఉన్న మనిషి. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నిజంగనే తలంటుకోవద్దా మేడం? ముంగట వానకాలం గద. జడ నానితే ఎట్ల?"

సులోచన నాలుక మీదికి జవాబు వచ్చింది. పుస్తకంలోది కాదు, తల్లి చెప్పింది. జడ తడిస్తే పొద్దుగూకక ముందే ఆరాలె, లేకుంటే లోపల కుళ్లుతది, ఆ కుళ్లు తలకు దిగుతది. అందుకే వారానికోసారి కుంకుడు రసంతో కడిగి, పిండి, ఎండలో పరిచి, పొగ పట్టిస్తారు. దుమ్ములో పనిచేసే తలకైతే మరీను.

ఆ మాట చెబితే, నీకెట్లా తెలుసని అడుగుతారు. పక్కనే చక్రధర్ ఉన్నాడు.

"కాగితంలో ఏముంటే అదే చెయ్యి" అంది సులోచన.

గంగామణి తలూపింది. అదే చేసింది.

* * *

ఏప్రిల్ చివర ఆడవాళ్లను వరుసగా ల్యాబుకు పిలిచి జడలు కోశారు. కుదురు దగ్గరి నాలుగున్నర అంగుళాలే యంత్రానికి కావాలి. కానీ అక్కడ కోస్తే మిగతాదంతా రాలాల్సిందే కదా. రాలింది.

మొదటి జడను యంత్రం కింద పెట్టి దీపం వేసింది సులోచన. వెలిసిపోయిన రంగు. దానిమీద అడ్డంగా సన్నటి తెల్ల గీతలు. నువ్వుగింజకొకటి.

చక్రధర్ వంగి చూశాడు. "ఏమిటివి? ఏడు రోజులకొకటి చొప్పున ఉన్నాయి. యంత్రంలో తప్పా?"

సులోచన పోల్చుకుంది. గీతల్ని లెక్కపెట్టక్కర్లేదు. అవి శుక్రవారాలు. వాళ్లు కడుక్కున్నారు. కాగితం ఏం చెప్పినా సరే, వారానికోసారి వాగు ఒడ్డున కూర్చుని కుంకుళ్లు కొట్టి ఒకరి జడ ఒకరు కడుక్కున్నారు. నురుగు తగిలిన చోట బూజు తెల్లబడింది, పైపొర రంగు పోయింది.

పైపొరే.

ఇది కూడా ఆమెకు తెలుసు. ఎట్లా తెలుసో చెబుతాను. ఆమె తల్లి పోసానికి మోకాళ్ల దాకా జడ ఉండేది. ఏడో ఏట నుంచి పద్నాలుగో ఏట దాకా ప్రతి శుక్రవారం దాన్ని కడిగింది ఈ సులోచనే. ఒకసారి జడ చివర జానెడు ముక్క దానంతటదే తెగి పడింది. పిల్ల కదా, బ్లేడుతో నిలువుగా చీల్చి చూసింది. లోపల పచ్చటి చార ఉంది. ఎప్పుడో, తను పుట్టకముందు జాతరలో తల్లి తలమీద పోసిన పసుపు. అన్నేళ్ల శుక్రవారాలు దాన్ని తాకలేదు. నీళ్లు జడ లోపలికి పోతాయి, వస్తాయి. నడిమిట్ల కూర్చున్నది కూర్చునే ఉంటుంది.

చక్రధర్ బూజును పెంచింది ఉన్ని ఉండల మీద, గాజు పెట్టెలో. ఆయనకు శుక్రవారం తెలియదు. సులోచన ఒక్క మాట అంటే చాలు. నిలువుగా చీల్చండి సార్, నడిమి పోగు చూడండి అంటే చాలు.

"తెలియదు సార్" అంది.

క్యాంపు సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తే, అవును సార్ కడుక్కునేవాళ్లు, చెప్పినా వినరు అన్నాడు. చక్రధర్ కళ్లజోడు తీసి బల్లమీద పడేశాడు. "పదకొండు నెలల పని వాగులో కలిపారు. నియమం తప్పిన శాంపిల్ శాంపిలే కాదు. అనర్హం అని ముద్ర వెయ్."

వేసింది. ఒకటి, రెండు, మూడు... పందొమ్మిది. ముద్ర వేసిన జడను ఎర్రబుట్టలో పడేయడం, ఇంకోటి తీసుకోవడం. ఎర్రబుట్టలో అప్పటికే వాడిన చేతితొడుగులు, దూది ఉన్నాయి. సాయంత్రానికి బుట్ట కొలిమికి పోయింది.

నలుగురి జడల మీద మాత్రం గీతల్లేవు. గంగామణిదీ ఇంకో ముగ్గురిదీ. నియమం పాటించినవాళ్లు. మొదటి రెండు నెలలు లేత నీలం, ఆ తర్వాత ఏ రంగూ లేదు. "చూశావా? తొలి వానలకు దుమ్ము అణిగిపోయింది. తర్వాత అంతా శుద్ధమే" అన్నాడు చక్రధర్. నిజానికి ఆ జడలు వానలో నాని లోపల కుళ్లి, పోగు ఆగస్టులోనే చచ్చింది. చచ్చిన పోగుకు రంగెక్కడిది? బతికుందా చచ్చిందా అని అడిగే మీట ఆ యంత్రానికి లేదు. ఆ జడలు ముట్టుకుంటే వచ్చే వాసన సులోచన ముక్కుకు తెలుసు. చేతితొడుగులు మార్చుకుంది. అంతే.

చివరి టోకెన్ సాయవ్వది. వరండాలో కూర్చుని వంతు కోసం చూస్తూ, తలుపు సందులోంచి ఎర్రబుట్టను చూసింది. దూది మధ్య తన తోటివాళ్ల జడలు. లేచింది. జడను తలమీద చుట్ట చుట్టుకుంది. టోకెన్ బల్లమీద పెట్టి గేటు దాటి పోయింది.

మే నెలలో రిపోర్టు వెళ్లింది. మొగిలిగుట్ట నివాసయోగ్యం.

* * *

సులోచనకు ఎనిమిదేళ్ల కూతురు. పేరు చైత్ర. రోజుకు రెండుసార్లు దువ్వుతుంది ఆ పిల్ల తల. ఒక్క చిక్కు కనబడినా ఊరుకోదు, దువ్వెన పళ్లు విరిగేలా లాగుతుంది.

"నొప్పి అమ్మా! మా టీచర్ కూడా ఇన్నిసార్లు దువ్వుకోదు."

"కదలకు."

"అమ్మమ్మ కూడా నీకు ఇట్లాగే లాగేదా?"

"ఆఁ."

"అమ్మమ్మ జుట్టు ఎట్లా ఉండేది?"

"మామూలుగానే" అంది సులోచన.

గోడమీది ఫొటోలో పోసాని చెంగు తలమీదుగా కప్పుకుని ఉంటుంది. ఏరి ఏరి పెట్టిన ఫొటో అది. ల్యాబులో అందరికీ మా అమ్మ బట్టలు కుట్టేదని చెప్పింది సులోచన. పెళ్లిలోనూ అదే చెప్పింది. నాలుగేళ్ల కింద పోసానికి జ్వరమొచ్చి పట్నం ఆసుపత్రిలో చేర్చినప్పుడు, తెలిసినవాళ్లు ఎవరైనా వస్తారేమోనని భయపడి, తల్లికి స్పృహ లేనప్పుడు కాగితం మీద సంతకం పెట్టి జడ తీయించేసింది. ఆ జడ ఆసుపత్రి ఎర్రబుట్టలోకి, చెత్తలోకి పోయింది. పోసాని కళ్లు తెరిచాక ఏమీ అడగలేదు. ఎక్కడ పెట్టినవ్ బిడ్డా అని కూడా అనలేదు. దిండు మీద తలను ఇటూ అటూ కదిలించుకుంటూ, పోయిన బరువును వెతుక్కుంటూ, ఆరు రోజులు బతికింది.

ఎర్రబుట్ట సులోచనకు కొత్త కాదు. అదీ సంగతి.

* * *

జూన్ రెండోవారం. హాస్టల్ సోమవారం తెరుస్తారు. నియమం పాటించిన నలుగురికీ ప్రశంసాపత్రాలు అచ్చువేయించాడు చక్రధర్. బంగారు అంచు కాగితం. శుక్రవారం పొద్దున సులోచనను జీపులో పంపాడు, ఇచ్చి రమ్మని.

గంగామణి ఊరు గుట్టకు ఆరు కిలోమీటర్లు. ఇంటిముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. గుండు మీద మానని పుండ్లు, మొహం బియ్యప్పిండిలా పాలిపోయి ఉంది. పక్కన సాయవ్వ రొట్టె తుంచి పాలల్లో నానబెడుతోంది.

"నమస్తే మేడం" అని లేవబోయింది గంగామణి.

"కూర్చో కూర్చో. ఇదిగో, నీకే. నువ్వు బాగా నియమం పాటించావని." సులోచన కాగితం అందించింది.

గంగామణి చేయి చాపింది. మోచేయి వరకే లేచింది ఆ చేయి. మణికట్టు కిందికి వేలాడుతోంది, తెగిన కొమ్మలాగ. కాగితం వేళ్లకు తగిలి జారి, మంచం కింద పడింది.

"దానికి చేయి లేవది మేడం" అంది సాయవ్వ, తల ఎత్తకుండానే. "నెల దినాలాయె. కడుపుల మెలిపెడ్తది, అన్నం సయిస్తలేదు. బువ్వ నేనే తినిపిస్తున్న. ఆ కాయితం ఆడ గోడకు అంటించిపో, సూస్కుంట ఉంటది."

సులోచన వంగి కాగితం తీసింది. అక్కడే చతికిలబడింది. సీసం ఒంట్లో చేరితే మణికట్టు వాలిపోతుందని చదివిన పేజీ కళ్లముందు కనబడింది. పేజీ నంబరుతో సహా.

"అవి శుక్రవారాలు" అంది, మట్టిలో కూర్చునే.

"ఏంది?"

"మీ జడల మీది తెల్లగీతలు. కుంకుడు నురుగు. పైపైనే పోయింది. లోపల నడిమి పోగుకు నీళ్లు తగలవు. లోపల నీలం ఉండుంటుంది. చీల్చి చూస్తే తెలిసేది. పందొమ్మిదీ కాల్చేశాం."

సాయవ్వ రొట్టెగిన్నె పక్కన పెట్టింది. "ఇది నీకు ఇప్పుడెరుకయిందా, అప్పుడే ఎరుకనా?"

"అప్పుడే."

"ఎట్లెరుక?"

డ్రైవర్ జీపుకు ఆనుకుని చూస్తున్నాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ముగ్గురు గడపల్లోకి వచ్చారు. సులోచన వాళ్లందరి ముందే చెప్పింది.

"మా అవ్వకు జడ ఉండె."

ఇరవై ఏళ్ల తర్వాత ఆమె నోట్లోంచి అవ్వ అనే మాట వచ్చింది. అమ్మ కాదు, అవ్వ.

సాయవ్వ ఆమెను కిందినుంచి మీది దాకా చూసింది. తెల్లకోటు, బిగించిన ముడి, కాలిజోళ్లు. నమ్మినట్టు లేదు. "ఎవ్వల బిడ్డవే నువ్వు?"

"పోసాని బిడ్డను. బుడ్డారం పోసాని."

"అబద్ధం. పోసాని బిడ్డ పట్నంల పెద్ద కొలువు చేస్తదనిరి. తల్లి సచ్చినంక ఊరి మొకం గూడ సూడలేదనిరి."

"అది నేనే."

సాయవ్వ లేచింది. ఇంట్లోకి పోయి ఒక సొట్టల చెంబూ, దోసెడు కుంకుడుకాయలూ తెచ్చి సులోచన ఒళ్లో పడేసింది. "ఇయ్యాల శుక్రవారం. పోసాని బిడ్డవైతే కడుగు. బోరింగు కాడ. అందరి ముంగట."

కథలో ఇక్కడ ఆమె ధైర్యంగా లేచిందని రాయొచ్చు. రాయను. కోటు విప్పబోతే మొదటి గుండీ ఊడి రాలింది. బోరింగు దగ్గరికి నడుస్తుంటే డ్రైవర్ కళ్లు వీపుమీద గుచ్చుకున్నాయి. ఈ సాయంత్రానికి ల్యాబంతా తెలుస్తుందనుకుంది. అట్లా అనుకున్నందుకు మళ్లీ సిగ్గుపడింది. గంగామణి చేయి అట్లా వేలాడుతుంటే తన బుద్ధి ఇంకా డ్రైవర్ దగ్గరే ఉందా అని.

కానీ చేతులకు సిగ్గులేదు. అవి మర్చిపోలేదు.

రాయిమీద కుంకుళ్లు చితక్కొట్టింది. గింజలు తీసేసి తొక్కలు నీళ్లలో పిసికింది. ముందు జడలో చేరిన పల్లేరు ముళ్లు, గడ్డిగింజలు, రెండు పిడుదులు ఏరేసింది. దువ్వలేదు, రుద్దలేదు. నురుగును అరచేత్తో కుదుళ్ల నుంచి కిందికి నెట్టుకుంటూ వచ్చింది, ఆవు పాలు పితికినట్టు. గుప్పిట నిండా పట్టి మూడుసార్లు పిండింది. మొదటిసారి బూడిదరంగు నీళ్లు. రెండోసారి టీ రంగు. మూడోసారి తేటగా వచ్చాయి. పాత చీర చుట్టి, బరువంతా ఆనించి తేమ లాగింది. ఆ తర్వాత జడను మెలితిప్పకుండా, ముడి వేయకుండా, ఎండకు కాలిన బండమీద వెడల్పుగా పరిచింది.

సాయవ్వ కళ్లు మూసుకుని ఉంది. "పిండేటప్పుడు బొటనవేలు లోపలికి మడుస్తవ్" అంది. "పోసాని గూడ గట్లనే మడిచేది. జాతరల ఒకసారి నా జడ ఆమెనే కడిగింది."

సులోచన వెక్కిళ్లు పెట్టి ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పని కాదది.

జడ ఆరేసరికి మధ్యాహ్నమయింది. అప్పటికి సులోచన అడగాల్సింది అడిగింది. బతికున్న పోగు ఇక మీ తలలోనే ఉంది అవ్వా, సోమవారం నూట అరవై మంది పిల్లలు గుట్ట కిందికి వస్తున్నారు, చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు అంది.

"ఎల్లమ్మ ఇచ్చిందో, చిన్నప్పుడు నూనె పెట్టెటోళ్లు లేక కట్టిందో, నాకైతే ఎరుక లేదు" అంది సాయవ్వ. "ఇది ఉన్నదని ఊరోళ్లు నన్ను మొక్కిన్రు, ఇది ఉన్నదని ఊరోళ్లే నన్ను చెరిచిన్రు. మొన్న ఒకాయన వచ్చి, తీసేసుకో అవ్వా, నీకు విముక్తి అన్నడు. తల నాది, ఆయనదేంది? మీరేమో బుట్టలేసిన్రు." జడ కొస పట్టుకుని ఎండలో తిప్పి చూసుకుంది. "ఇస్త. కాని తల నాతోనే వస్తది. కోసేది నేను. చీరేది నువ్వు. నేను సూస్తుండంగ. బుట్టల పడ్డదా, నీ చేయి ఇరగ్గొడ్త."

* * *

ల్యాబులో సాయవ్వ యంత్రం పక్కన స్టూలు మీద కూర్చుంది. ఇంటినుంచి తెచ్చుకున్న కొడవలితో తన జడ తనే కోసుకుంది, నాలుగు వేట్లలో. మెడ ఒక్కసారి పైకి లేచినట్టయింది, బరువు పోయి. అబ్బ అంది. అంతే.

సులోచన జడను స్టీలు పళ్లెంలో పెట్టి నిలువుగా చీల్చింది.

దీపం వేయక్కర్లేకపోయింది. మామూలు వెలుతురులోనే నీలం. జూన్ నుంచి ఏప్రిల్ దాకా, ఒక్క వారం కూడా తెగకుండా, నడిమి పోగంతా నెమలిమెడ నీలం. వానకాలంలో లేతగా, ఎండలు ముదిరిన ఫిబ్రవరి నుంచి దాదాపు నల్లగా. పైన మాత్రం తెల్ల గీతలు, శుభ్రంగా, నువ్వుగింజకొకటి. కడిగిన తల కాబట్టే పోగు బతికింది. నియమం తప్పింది కాబట్టే నిజం నిలిచింది.

చక్రధర్ చాలాసేపు వంగే ఉన్నాడు. లేచినప్పుడు మొహంలో నెత్తురు లేదు. చెడ్డవాడని చెప్పను. చెడ్డవాడైతే ఆ మొహం అట్లా అయ్యేది కాదు. కానీ నోరు తెరిచేసరికి కుర్చీ మాట్లాడింది.

"ఒక్క శాంపిల్. అదీ అనర్హమైన శాంపిల్. దీంతో వెళ్లిపోయిన రిపోర్టును వెనక్కి తీసుకోలేం సులోచనా. మళ్లీ పద్ధతిగా చేయాలి. ఇంకో పదకొండు నెలలు."

"ఎవరి తలల మీద సార్?"

ఆయన తిప్పి అడిగాడు. "ఈ గీతలేమిటని నేను నిన్నే అడిగాను. నీకు ముందే తెలుసంటున్నావు. పందొమ్మిది జడలు కాలుతుంటే ఎందుకు చెప్పలేదు?"

న్యాయమైన ప్రశ్నే. అందుకే అంత లోతుగా దిగింది.

"సిగ్గుపడి సార్."

"ఎవర్ని చూసి?"

"మిమ్మల్ని చూసి. మా అవ్వ ఎవరో తెలిస్తే నన్ను ఎట్లా చూస్తారో అని. ఇవాళ నన్ను చూసి నాకే సిగ్గు." పళ్లెం ఆయన ముందుకు జరిపింది. "ఇది రాసి సంతకం పెడతాను. మీరు కూడా పెట్టండి. గాజు పెట్టెలో పెంచాను, ఒక్క జడనైనా కడిగి చూడలేదు అని రాయండి."

"నా పదేళ్లు పోతాయి."

"నీ సదువుకున్న పేను నిజమే చెప్పింది అయ్యా" అంది సాయవ్వ, బోడితల తడుముకుంటూ. "దాన్ని సదవరానిది నీకు."

చక్రధర్ సంతకం పెట్టలేదు. సోమవారం గుట్ట దగ్గరికి వస్తాను, అక్కడ అధికారితో మాట్లాడతాను అన్నాడు. సులోచన పళ్లేన్ని పాత చీరలో చుట్టుకుంది. అది ఎర్రబుట్టలో పడలేదు.

* * *

సోమవారం పొద్దున తొమ్మిదికి బస్సులు వచ్చాయి. మూడు బస్సులు, నూట అరవై మంది ఆడపిల్లలు. అందరికీ నూనె పెట్టి దువ్వి, ఎర్ర రిబ్బన్లతో రెండేసి జడలు. రేకుపెట్టెల మీద పేర్లు. గుట్టమీదినుంచి గాలి వీస్తోంది. ఆ నూనె తలలకు దుమ్ము అప్పుడే అంటుకుంటోంది. సులోచనకు కనబడుతోంది. ఆమెకు తప్ప ఎవరికీ కనబడడం లేదు.

గేటు దగ్గర మామిడాకుల తోరణం, కత్తిరించడానికి రిబ్బను. వెంకటాచలం అనే అధికారి కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. పక్కన చక్రధర్. మాట్లాడాడో లేదో తెలియదు, నేల చూస్తున్నాడు.

రిబ్బనుకు ఇవతల సులోచన వచ్చి నిలబడింది. కోటు వేసుకోలేదు. జుట్టు ముడి వేయలేదు. ఆమె వెనక సాయవ్వ, జీపులోంచి ఇద్దరు పట్టుకుని దింపిన గంగామణి, మిగతా ఇరవై రెండు బోడితలలు. సులోచన చీర విప్పి పళ్లెం చూపించింది. చీల్చిన జడ ఎండలో నీలంగా మెరిసింది.

"ఇది ఈ గుట్ట దుమ్ము. పదకొండు నెలలది. గుట్ట శుద్ధమని మీకొచ్చిన కాగితం అబద్ధం. ఆ అబద్ధానికి ముద్ర వేసిన చేయి ఇది." తన కుడిచేయి ఎత్తింది. తర్వాత గంగామణి మణికట్టు కింద తన అరచేయి పెట్టి మెల్లగా పైకెత్తింది. "ఆ దుమ్ముకు పడిపోయిన చేయి ఇది."

వెంకటాచలం చక్రధర్ వైపు చూశాడు. చక్రధర్ నేలమీంచి తల ఎత్తాడు. "ఆమె చెప్పేది నిజం" అన్నాడు. ఎంత మెల్లగా అంటే ముందు వరసలో పిల్లలకు మాత్రమే వినబడింది.

"సరే, సరే" అన్నాడు వెంకటాచలం. "ఇప్పుడు పిల్లలు వచ్చేశారు కదమ్మా. ముందు లోపలికి పోనీయండి. రేపు కూర్చుని మాట్లాడుకుందాం. కమిటీ వేద్దాం."

"రేపు లేదు" అంది సులోచన. "ఒక్క పెట్టె కూడా దించొద్దు. ఈ గేటుకు ఇప్పుడే తాళం వేయండి. ఈ ఇరవై నలుగురినీ ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకుపోయి రక్తం తీయించండి, మందు మొదలుపెట్టించండి. మళ్లీ కొలవాలంటే ఎవరి తలా అడగొద్దు, మట్టిని కొలవండి, అది ఎక్కడికీ పోదు. తప్పెవరిదని రాసేటప్పుడు మొదటి పేరు నాది రాయండి, రెండోది ఆయనది, మూడోది మీది. అదంతా తర్వాత. ముందు పిల్లలు."

ఎవరూ కదల్లేదు. డ్రైవర్లు అధికారి మొహం చూస్తున్నారు. అధికారి చేతిలోని కత్తెరను చూస్తున్నాడు.

సాయవ్వ రిబ్బను కింద నుంచి వంగి అవతలికి పోయింది. మొదటి బస్సు ముందు, టైరుకు జానెడు దూరంలో, దుమ్ములో బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మా తలలు మీకిచ్చినం" అంది. "దీని చేయి మీకిచ్చినం. ఇగ మీ చేతులు కదలియ్యున్రి. బస్సు తిప్పున్రి."